జాబితాలో పేరు

వార్షికోత్సవ సంచికకు ఆటల మీద ఒక వ్యాసం కావాలి, ఫుట్‌బాల్ మీద అయితే పిల్లలు ఇష్టంగా చదువుతారు అని వార్డెన్ సార్ ఫోన్ చేశారు. హాస్టల్ వదిలి పీజీకి వచ్చేసినా సార్ లెక్కలో ఇంకా మేము "మన పిల్లలమే" అయినందుకు సంతోషించాం. ఎవరి గురించి రాయమంటారని తమ్ముళ్ళను అడిగితే బెక్‌హామ్ గురించి రాయండన్నా అని ఎక్కువమంది అన్నారు. ఒకడు హ్యారీ కేన్ అన్నాడు. వాళ్ళ గురించి మీకు మాకంటే ఎక్కువే తెలుసు. అందుకని మేము రాస్తున్నది జాక్ లెస్లీ అనే ఇంగ్లీషు ఆటగాడి గురించి. ఇంగ్లండ్ తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అయినా ఈ రోజు ఆయనకు విగ్రహం ఉంది. ఆ రెండు మాటల మధ్య దాదాపు వందేళ్ళు ఉన్నాయి.

ఈ వ్యాసంలో మేము అంటే అయిదో తరగతి నుంచి పది దాకా ఈ హాస్టల్‌లో ట్రంకు పెట్టెలు పక్కపక్కన పెట్టుకుని పెరిగిన నలుగురం. రాసే చెయ్యి ఒకరిదే అయినా రాసే ముందు రెండు రాత్రులు కొట్లాడుకున్నది నలుగురం. పోయిన ఏడాది ఎం.ఏ. సోషియాలజీలో మాలో ఒకరికి "క్రీడలు - వివక్ష" అని సెమినార్ ఇచ్చారు. దాని కోసం వెతుకుతుంటే లెస్లీ దొరికాడు. సెమినార్ పది నిమిషాల్లో అయిపోయింది గానీ ఆయన మాత్రం మమ్మల్ని వదల్లేదు.

జాక్ లెస్లీ 1901లో లండన్ తూర్పున, ఓడరేవుల దగ్గర ఉండే క్యానింగ్ టౌన్ అనే కూలీల పేటలో పుట్టాడు. తండ్రి జమైకా నుంచి వచ్చిన నల్లజాతి మనిషి, తల్లి ఇంగ్లీషావిడ. జమైకా అప్పుడు మనలాగే ఇంగ్లండ్ వలస. జాక్ నేర్చుకున్న పని బాయిలర్లు తయారు చెయ్యడం. ఆట మొదట బార్కింగ్ టౌన్ అనే చిన్న క్లబ్బులో. అక్కడ కొట్టిన గోల్స్ చూసి 1921లో ప్లిమత్ ఆర్గైల్ వాళ్ళు జీతం ఇచ్చి తీసుకున్నారు. ప్లిమత్ ఇంగ్లండ్‌కు నైరుతి మూలన ఉన్న నౌకాదళం ఊరు. లండన్ నుంచి మూడు వందల కిలోమీటర్ల పైమాటే.

ఆయన ప్లిమత్‌కు వెళ్ళిన ఆ 1921లోనే బాబాసాహెబ్ అంబేద్కర్ లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఎమ్మెస్సీ పూర్తిచేశారు. రెంటికీ సంబంధం ఏమీ లేదు. కానీ ఏ సంవత్సరం విన్నా ఆ ఏడు బాబాసాహెబ్ ఎక్కడున్నారా అని లెక్క చూసుకోవడం మా గదిలో అలవాటు. అందుకే రాశాం.

ప్లిమత్‌లో లెస్లీ పదమూడేళ్ళు ఆడాడు. సుమారు 400 మ్యాచ్‌లు, 137 గోల్స్. ఆయన ఇన్‌సైడ్ లెఫ్ట్, అంటే మధ్యకూ ఎడమ అంచుకూ మధ్యలో ఆడేవాడు. అంచు మీద శామీ బ్లాక్ అనే స్కాట్లండ్ ఆటగాడు ఉండేవాడు. ఇద్దరూ కలిసి 300కు పైగా గోల్స్ కొట్టారు. ఆ రోజుల్లో మూడో డివిజన్ దక్షిణం, ఉత్తరం అని రెండు భాగాలు. ఒక్కో భాగంలో మొదటి స్థానం వచ్చిన జట్టు ఒక్కటే పై డివిజన్‌కు పోతుంది. ఆర్గైల్ జట్టుకు 1921-22 నుంచి 1926-27 దాకా వరుసగా ఆరేళ్ళు రెండో స్థానమే వచ్చింది. ఆరేళ్ళు! మన దగ్గర జోనల్ ఫైనల్ ఒక్కసారి ఓడిపోతే రెండు రోజులు మెస్‌లో అన్నం సగం మిగిలిపోయేది. వాళ్ళు మాత్రం ప్రతి ఆగస్టులో మళ్ళీ మొదలుపెట్టారు. చివరికి 1929-30లో మొదటి స్థానం తెచ్చుకుని పైకి వెళ్ళారు. తర్వాత లెస్లీ జట్టుకు కెప్టెన్ కూడా అయ్యాడు. నల్లవాడు తెల్లవాళ్ళ జట్టుకు నాయకత్వం వహించడం 1930లలో ఎంత మాటో వేరే చెప్పక్కర్లేదు.

ఇక అసలు సంగతి. అది 1925 అక్టోబరులో జరిగింది.

ఒక రోజు ఆర్గైల్ మేనేజర్ బాబ్ జాక్ లెస్లీని తన గదికి పిలిచి, నీకు గొప్ప వార్త, ఇంగ్లండ్ జట్టుకు నిన్ను తీసుకున్నారు అని చెప్పాడు. మూడో డివిజన్ ఆటగాడిని దేశం జట్టులోకి తీసుకోవడం చాలా అరుదు. ఊరంతా గుప్పుమంది. బెల్‌ఫాస్ట్‌లో ఐర్లండ్‌తో ఆడబోయే మ్యాచ్ కోసం పత్రికల్లో వేసిన పేర్లలో లెస్లీ పేరు కూడా అచ్చయింది. కొన్ని రోజుల తర్వాత పత్రికల్లో మళ్ళీ పేర్లు వచ్చాయి. వాటిలో లెస్లీ పేరు లేదు. తన చోట ఆస్టన్ విల్లా ఆటగాడు బిల్లీ వాకర్ పేరు ఉందని లెస్లీ ముసలితనంలో గుర్తు చేసుకున్నాడు.

ఎందుకు తీసేశారో ఎవరూ చెప్పలేదు. ఉత్తరం లేదు, కబురు లేదు.

ఇది ఎట్లా జరిగిందో తెలియాలంటే అప్పటి పద్ధతి తెలియాలి. ఇంగ్లండ్ జట్టును అప్పుడు మేనేజర్ ఎంపిక చేసేవాడు కాదు. అసలు ఇంగ్లండ్‌కు మేనేజరే లేడు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన తర్వాతే ఆ పదవి వచ్చింది. ఫుట్‌బాల్ అసోసియేషన్‌లో ఒక ఎంపిక సంఘం ఉండేది. అందులో పెద్దమనుషులు కూర్చుని ఎవరు బాగా ఆడుతున్నారో వినీ, చదివీ పేర్లు రాసేవాళ్ళు. టీవీ లేదు. లండన్‌లో కూర్చున్న పెద్దమనిషి ప్లిమత్ ఆటగాడి గోల్స్ లెక్క పేపర్లో చూడగలడు గానీ ముఖం చూడలేడు. జాక్ లెస్లీ అన్న పేరులో రంగు కనపడదు. పేరు చూసి తీసుకున్నారు. తర్వాత ఎవరో మనిషిని చూశారు. ఆ తర్వాత తనను చూడటానికి వచ్చినవాళ్ళు తన ఆట చూడలేదనీ, ముఖం చూసిపోయారనీ లెస్లీయే చెప్పుకున్నాడు. నేను నల్లవాణ్ణన్న సంగతి మరిచిపోయి ఉంటారు అని కూడా అన్నాడు.

అది చదివినప్పుడు మాకు పల్వంకర్ బాలూ గుర్తొచ్చాడు. 1911లో ఇంగ్లండ్ పర్యటనకు వెళ్ళిన భారత క్రికెట్ జట్టులో వందకు పైగా వికెట్లు తీసిన బౌలర్ ఆయన. చర్మకారుల కులంలో పుట్టాడు. పూనాలో ఆడే రోజుల్లో తోటి ఆటగాళ్ళు పెవిలియన్ లోపల టీ తాగితే ఆయనకు బయట మట్టి ముంతలో పోసేవాళ్ళు. మన ఊళ్ళలో రెండు గ్లాసుల హోటళ్ళు మన తాతలకు తెలుసు, కొన్నిచోట్ల మన నాన్నలకూ తెలుసు. బాలూకు ఆయన ముంత ఏదో కళ్ళముందే ఉంది. లెస్లీ విషయంలో ముంత కూడా చూపించలేదు. పేరు పోయింది, అంతే. ఈ రెంటిలో ఏది ఎక్కువ అవమానం అన్నదాని మీద మా నలుగురిలో ఇప్పటికీ ఒక్క మాట లేదు.

ఇలాంటిది మాలో ఒకరికి జరిగింది కాబట్టే ఇంత పట్టుదల. ఏ కాలేజీ, ఏ సంవత్సరం అన్నది రాయడం లేదు. ఇంటర్ కాలేజియేట్ ఫుట్‌బాల్ జట్టు ఎంపిక అయింది. సాయంత్రం నోటీసు బోర్డు మీద పద్దెనిమిది పేర్లు పెట్టారు. పదకొండో పేరు మా వాడిది. పరుగెత్తుకొచ్చి చెప్పాడు. బూట్లు లేకపోతే సీనియర్ అన్న దగ్గర ఒక సైజు పెద్దవి తెచ్చి ముందు పాత గుడ్డలు కుక్కాం. ఇంటికి ఫోన్ చేశాడు. వాళ్ళమ్మకు ఫుట్‌బాల్ అంటే ఏంటో తెలియదు. కొడుకు పేరు గోడ మీద పెట్టారని మాత్రం అర్థమైంది. వాడకట్టులో అందరికీ చక్కెర పంచింది. మర్నాడు పొద్దున బోర్డు మీద వేరే కాగితం ఉంది. పద్దెనిమిది పేర్లే, పదకొండోది మాత్రం వేరే పేరు. అడిగితే "టైపింగ్ మిస్టేక్ బాబూ, ఈసారి చూద్దాం" అన్నారు. కులం వల్లే తీశారని చెప్పడానికి మా దగ్గర రుజువు లేదు. కాదని మనసుకు సర్దిచెప్పుకుందామంటే దానికీ ఏమీ దొరకలేదు. వాడు ఇంటికి ఫోన్ చేసి మోకాలు నొప్పిగా ఉందమ్మా, ఆడటం లేదు అని చెప్పాడు. మొదటి కాగితాన్ని ముందు రోజే ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. ఆ ఫొటో వాడి దగ్గర ఇప్పటికీ ఉంది.

సరే, లెస్లీ దగ్గరికి వద్దాం.

ఐర్లండ్‌తో మ్యాచ్ 1925 అక్టోబరు 24న జరిగింది. ఇంగ్లండ్ ఒక్క గోల్ కూడా కొట్టలేదు. 0-0తో డ్రా. అదే రోజు ప్లిమత్‌లో ఆర్గైల్ 7-2తో బోర్న్‌మత్‌ను ఓడించింది. అందులో రెండు గోల్స్ లెస్లీవి. దీన్ని చాలామంది తియ్యటి పగ తీర్చుకోవడంలా చెప్తారు. మాకు అలా అనిపించలేదు. శనివారం మ్యాచ్ ఉంది, ఆడాడు, జీతం అదే కదా. ఆ రోజు ఆయన మనసులో ఏముందో ఎవరికి తెలుసు?

ఇంగ్లండ్ నుంచి మళ్ళీ పిలుపు రాలేదు. తర్వాత కూడా ఏళ్ళ తరబడి గోల్స్ కొడుతూనే ఉన్నాడు, రాలేదు. ఆనాటి బంతి తోలుతో కుట్టింది, పైన చెప్పుల తాడులాగ లేసు ఉండేది. వానలో తడిస్తే బరువెక్కి రాయిలా తగిలేది. ఆ లేసే కంటికి తగిలి చూపు దెబ్బతినడంతో 1930ల మధ్యలో ఆట ఆగిపోయింది. ఆ తర్వాత లండన్ చేరి, రేవుల్లో చిన్నప్పుడు నేర్చుకున్న బాయిలర్ పనే చేసుకున్నాడు.

రిటైరైన తర్వాత ఇంట్లో ఖాళీగా కూర్చోలేక, 1960లలో తన ఇంటికి దగ్గరలోని వెస్ట్ హామ్ క్లబ్బుకు వెళ్ళి ఏదైనా పని ఉందా అని అడిగాడు. వాళ్ళు బూట్ల గదిలో పని ఇచ్చారు. ఆటగాళ్ళ బూట్లకు అంటిన మట్టి గీకి, తుడిచి, పాలిష్ పెట్టి వరసగా పేర్చడం. ఆయన తుడిచిన బూట్లు మామూలువాళ్ళవి కావు. 1966 ప్రపంచ కప్ ఫైనల్లో ఇంగ్లండ్ 4-2తో పశ్చిమ జర్మనీని ఓడించినప్పుడు కెప్టెన్ బాబీ మూర్, మూడు గోల్స్ కొట్టిన జెఫ్ హర్స్ట్, మిగిలిన ఒక్క గోల్ కొట్టిన మార్టిన్ పీటర్స్, ముగ్గురూ వెస్ట్ హామ్ వాళ్ళే. క్లబ్బులో ఆయనంటే అందరికీ ప్రేమే. కానీ తమ బూట్లు తుడుస్తున్న పెద్దాయన ఒకప్పుడు ఇంగ్లండ్‌కు ఎంపికైన ఆటగాడని చాలామందికి తెలియదు. ఆయన చెప్పుకోలేదు.

ఇక్కడే మా గదిలో రాత్రి ఒంటిగంట దాకా గొడవ. "ఏందిరా ఇది, ఆ టోపీ తీసుకోవాల్సిన మనిషితోటి బూట్లు తుడిపిస్తరా, సిగ్గుండాలె" అని ఒకడు అరిచాడు. ఇంకొకడు వెంటనే లేచాడు. వాడి తాత చెప్పులు కుట్టాడు, తండ్రి బస్టాండు దగ్గర గొడుగు కింద కూర్చుని ఇప్పటికీ కుడుతున్నాడు. ఆ సంపాదనతోనే వాడు వాళ్ళ ఇంట్లో మొదటి డిగ్రీ తెచ్చుకున్నాడు. "బూట్లు తుడిస్తే సిగ్గేంది? మా నాయన అదే పని. నాకు సిగ్గు లేదు" అన్నాడు. మొదటివాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "పని గురించి కాదురా నేనన్నది, లిస్టు గురించి" అన్నాడు. ఇద్దరూ చెప్పింది నిజమే. ఆ పని లెస్లీ అడిగి తీసుకున్నాడు, చాలా ఏళ్ళు ఇష్టంగా చేశాడని ఆయన ఇంటివాళ్ళు చెప్తారు. పనిలో అవమానం లేదు. 1925లో జరిగినదాన్ని ఈ పని గౌరవంతో మాఫీ చెయ్యకూడదు. ఆయన ఎంత ఓర్పు గలవాడు, ఒక్క మాట అనలేదు అని పొగిడేవాళ్ళు కొందరున్నారు. మాకు ఆ పొగడ్త నచ్చదు. అడిగినప్పుడు ఆయన చెప్పాడు, స్పష్టంగానే చెప్పాడు, రంగు వల్లే అని. చాలాకాలం ఎవరూ అడగలేదు, అంతే.

ఇంకో సంగతి చదివి మేము పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాం. లెస్లీకి బూట్ల గదిలో పని ఇచ్చిన వెస్ట్ హామ్ మేనేజర్ పేరు రాన్ గ్రీన్‌వుడ్. ఆయన 1977లో ఇంగ్లండ్ జట్టు మేనేజర్ అయ్యాడు. 1978 నవంబరు 29న వెంబ్లీలో చెకొస్లొవాకియా మీద ఆడిన జట్టులోకి వివ్ ఆండర్సన్‌ను తీసుకున్నది ఆయనే. ఇంగ్లండ్ సీనియర్ జట్టుకు ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు వివ్ ఆండర్సన్. 1925 నుంచి లెక్కేస్తే 53 ఏళ్ళు. ఆ రోజుకు లెస్లీ బతికే ఉన్నాడు, వయసు 77. వెస్ట్ హామ్‌లో ఇంకా బూట్లు తుడుస్తూనే ఉన్నాడు. గ్రీన్‌వుడ్ ఆండర్సన్ పేరు రాసేటప్పుడు లెస్లీ గుర్తొచ్చాడా లేదా అన్నది మేము ఊహించి రాయం. తేదీలు మాత్రం అలా ఉన్నాయి.

లెస్లీ 1988లో చనిపోయాడు. అప్పటికి ఆయన పేరు ప్లిమత్‌లో పాత అభిమానులకు తప్ప పెద్దగా ఎవరికీ తెలియదు. 2020లో ఆర్గైల్ అభిమానులు ఇద్దరు చందాల ఉద్యమం మొదలుపెట్టారు. లక్ష పౌండ్లకు పైగా పోగయింది. 2022 అక్టోబరులో ప్లిమత్‌లో ఆయన ఆడిన హోం పార్క్ స్టేడియం బయట విగ్రహం నిలబెట్టారు. ఇంగ్లండ్‌కు ఆడిన ఆటగాళ్ళకు గుర్తుగా గుడ్డ టోపీ ఇవ్వడం అక్కడ పాత ఆచారం, అందుకే ఎన్ని మ్యాచ్‌లు ఆడితే అన్ని "క్యాపులు" అంటారు. ఫుట్‌బాల్ అసోసియేషన్ 2023 మార్చిలో వెంబ్లీలో, ఉక్రెయిన్‌తో మ్యాచ్ రోజున, లెస్లీకి మరణానంతరం గౌరవ క్యాప్ ఇచ్చింది. ఆయన మనవరాళ్ళు వచ్చి అందుకున్నారు. ఈ సంగతి తమ్ముళ్ళకు చెప్తుంటే ఆరో తరగతి వాడొకడు, "మరి ఆయనెప్పుడు పెట్టుకున్నడన్నా?" అని అడిగాడు. మేము ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం.

ఒక విషయం మాత్రం ఆలోచించాలి. ఆనాటి సంఘం పెద్దలు కారణం ఎక్కడా రాసిపెట్టలేదు. లెస్లీ మాట ఒక్కటే ఉంటే, ముసలాయన ఏదో చెప్పుకున్నాడులే అని కొట్టిపారేసేవాళ్ళు. కానీ మొదటి పేర్లు 1925 పత్రికల్లో అచ్చయి ఉన్నాయి. ఆ పత్రికలను ఎవరో దాచారు, ఎవరో తీసి చూశారు. తీసేసిన పేరు ఆ కాగితం మీద ఉండటం వల్లే తొంభై ఏడేళ్ళ తర్వాత విగ్రహం లేచింది.

అందుకే పూర్వ విద్యార్థులైన అన్నలకు ఒక విన్నపం. వార్డెన్ సార్ గదిలో బీరువా పైన మన హాస్టల్ జట్ల ఫొటోలు నాలుగు ఉన్నాయి. ఒకదానికి చెద పట్టింది. ఒకదాని వెనక పేర్లు రాసి ఉన్నాయి గానీ ఇంకు మాసిపోయి సగమే చదవగలుగుతున్నాం. ముందు వరసలో బంతి పట్టుకుని కూర్చున్న అన్న ఎవరో ఎవరికీ తెలియడం లేదు. మీ ఇళ్ళల్లో పాత ఫొటోలు, సర్టిఫికెట్లు, ఎంపిక కాగితాలు ఏమైనా ఉంటే వార్షికోత్సవం రోజు తీసుకురండి. మేము ఫోన్‌లో ఫొటో తీసుకుని అక్కడికక్కడే తిరిగి ఇచ్చేస్తాం. వెనక పేర్లు, సంవత్సరం రాయడానికి పెన్ను మా దగ్గర ఉంటుంది. మా వాడి ఫోన్‌లో ఉన్న ఆ పద్దెనిమిది పేర్ల కాగితాన్ని కూడా ప్రింటు తీయించాం. దాన్ని ఎక్కడ పెట్టాలో ఇంకా అనుకోలేదు. ప్రస్తుతానికి వాడి ట్రంకు పెట్టెలో, టెన్త్ మెమో పక్కన ఉంది.